ముందు నా నిద్ర సంగతి చూడమన్నారు

అమ్మకు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, అని తేలాక ఆవిడను విజయనగరం నుంచి విశాఖపట్నం మర్రిపాలెంలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. అప్పటికి నాకు యాభై దగ్గర పడుతున్నాయి. నెలసరి ఆగిపోయే దశ. ఒళ్ళంతా ఆవిర్లు, అర్ధరాత్రి చెమటలతో మెలకువ. అమ్మకీ రాత్రిళ్ళు నిద్ర లేదు.

అన్నిటికన్నా సాయంత్రాలు కష్టంగా ఉండేవి. పొద్దు వాలేసరికి అమ్మ చీరలన్నీ మూట కట్టేది. "ఇంటికెళ్ళిపోతాను, ఆయన డ్యూటీ దిగే వేళయింది" అనేది. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాట చెబితే అప్పుడే కబురు విన్నట్టు గొల్లుమనేది. మర్నాడు మళ్ళీ మూట. నేను తలుపు దగ్గర అడ్డం నిలబడితే, నన్ను మా పెద్దమ్మ అనుకుని "నన్నొగ్గేయ్ అక్కా" అని బతిమాలేది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి. కన్నతల్లి మీద, అందులోనూ జబ్బుమనిషి మీద కోపం వస్తోందన్న బాధ ఆ కోపం కన్నా ఎక్కువగా ఉండేది.

బెంగళూరులో ఉన్న తమ్ముడు నెలనెలా డబ్బు పంపేవాడు. ఏజెన్సీ వాళ్ళు పంపిన ఆయా చెప్పాపెట్టకుండా మానేసింది. పిన్ని వచ్చినప్పుడల్లా "కొడుకుండగా కూతురి పంచన ఏమిటమ్మా" అనేది. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కూడా కొడుకుల్నీ కూతుళ్ళనీ కలిపే పిల్లలంది. అయినా ఆ మాట విన్న ప్రతిసారీ అమ్మ మొహం చిన్నబోయేది. అది నేను తట్టుకోలేకపోయేదాన్ని.

ఒక రాత్రి 'పడుకున్నదాన్ని మళ్ళీ లేవకపోతే బాగుణ్ణు' అనిపించింది. ఆ ఆలోచనకు నేనే హడలిపోయి 14416కి ఫోన్ చేశాను. అది మానసిక ఆరోగ్య సాయం కోసం 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. అవతలి అమ్మాయి ముందు, నాకు నేను హాని చేసుకోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగింది. తర్వాత నిద్ర గురించి, తిండి గురించి, ఇంట్లో తోడు ఎవరున్నారని అడిగింది. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోమంది.

చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్దామంటే మావారు కాసేపు మాట్లాడలేదు. మన ఊళ్ళో ఆ ఆసుపత్రి పేరు తిట్టుగా వాడతారు కదా. ఆ వాడకం వల్ల ఎంతమంది ఆ గుమ్మం దాకా రాకుండా ఉండిపోతున్నారో! మావారు చివరికి నాతోపాటే వచ్చి ఓపీ లైన్లో నిలబడ్డారు.

డాక్టరుగారు థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు రాశారు. జారిట్ ప్రశ్నావళి అని ఒక కాగితం ఇచ్చారు. ముసలివాళ్ళను చూసుకునేవాళ్ళ మీద ఎంత భారం పడుతోందో చూడడానికట. 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. మీ అమ్మగారి పక్కన ఉన్నప్పుడు కోపం వస్తుందా అని అందులో ఉంది. ఆ ప్రశ్న అచ్చులో చూడగానే సగం బరువు దిగింది. ఎంతోమందికి వచ్చేదైతేనే కదా అచ్చు వేసి మరీ అడుగుతారు! ఇంకా ఎక్కువ చేయాల్సింది అనిపిస్తుందా అన్నదానికి 4 వేశాను.

ఇది డిప్రెషన్, దీనికి మందుంది అన్నారు డాక్టరుగారు. "ముందు మీ నిద్ర సంగతి చూద్దాం. మీరు పడిపోతే అమ్మగారిని ఎవరు చూస్తారు?" మాత్ర గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, తగ్గిందనుకుని మధ్యలో సొంతంగా మానేయొద్దని చెప్పారు. అమ్మకున్న జబ్బులో సాయంత్రం పూట కంగారు పెరగడం మామూలేనట. చీకటి పడకముందే లైట్లన్నీ వేయమన్నారు. మధ్యాహ్నం దాటాక కాఫీ ఇవ్వొద్దన్నారు. వాదించకుండా చేతికేదైనా పని ఇమ్మన్నారు. అప్పటినుంచి మూట కనబడగానే "నాన్న వచ్చేలోపు ఈ చిక్కుడుకాయలు ఒలిచేద్దామా?" అంటాను. చాలా రోజులు కూర్చుని ఒలుస్తుంది. కొన్ని రోజులు ఏదీ పనిచేయదు.

తమ్ముణ్ణి ఈసారి డబ్బు అడగలేదు. "నీకు వర్క్ ఫ్రమ్ హోమే కదా, వచ్చి కొన్ని రాత్రులు అమ్మ దగ్గర పడుకో" అన్నాను. వచ్చాడు. తెల్లారేసరికి వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అక్కా, రోజూ ఇలాగేనా?" అన్నాడు. ఫోన్లో నేను ఎంత చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క రాత్రి ఎక్కింది. ఇప్పుడు వంతు వేసుకుని వస్తున్నాడు. ఆదివారం మధ్యాహ్నాలు పిన్నికి అప్పగించాను. పొద్దున్నపూట మా వీధిలోని ఒకావిడ వచ్చి అమ్మకు స్నానం చేయిస్తుంది. ఆ కాసేపు బీచ్ రోడ్డులో నడుస్తాను. ఆ వేళ బళ్ళు ఆపేస్తారు కాబట్టి హాయిగా ఉంటుంది.

మాత్ర ఇంకా వేసుకుంటున్నాను. డోసు తగ్గించే సంగతి వచ్చే విజిట్‌లో చెబుతామన్నారు. తమ్ముడు ఈసారి వచ్చినప్పుడు స్కూలు స్నేహితురాళ్ళతో అరకు వెళ్తున్నాను, రైలు టికెట్లు తీసేశాం. అమ్మ మందుల వేళలు రాసిన కాగితం ఫ్రిజ్ తలుపు మీద అంటించాను.