మాలకొండ నుంచి మన్నేరు దాకా

మాల్యాద్రి అని కూడా పిలిచే మాలకొండ మీద లక్ష్మీనరసింహస్వామి దర్శనం శనివారం ఒక్కరోజే. మిగతా ఆరు రోజులూ దేవతలు, మునులు సేవించుకుంటారని పెద్దల మాట. అందుకే మా ఇంట్లో ఏ రోజు వెళ్దామన్న చర్చే రాదు. మే నెల ఎండలకు భయపడి ఒంగోలులో చీకటితోనే బయల్దేరాం. సింగరాయకొండలో వరాహ లక్ష్మీనరసింహస్వామికి దండం పెట్టుకుని, కందుకూరు మీదుగా పామూరు రోడ్డెక్కాం.

క్యూలో ఎవరో "మాల్యాద్రీ!" అని కేకేస్తే నలుగురు వెనక్కి తిరిగారు. ఈ చుట్టుపక్కల ఇంటికో మాల్యాద్రో, మాలకొండయ్యో ఉంటాడు మరి!

గుహలో స్వామి దర్శనం త్వరగానే అయింది. అసలు పరీక్ష అమ్మవారి దగ్గర. స్వామి మీద అలిగి వెళ్తున్న లక్ష్మీదేవికి కొండ చీలి దారిచ్చిందట. ఆ చీలికలోంచే మనమూ పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి నడవాలి. భక్తి ఉంటే ఎంత లావుపాటి వాళ్లయినా పడతారని నమ్మకం. మా అత్తయ్యకు మాత్రం ముందు రోజు నుంచే టెన్షన్. సగం దూరం వెళ్లి ఆగిపోయింది. "ముందు భుజం పెట్టు పెద్దమ్మా, కంగారు పడమాక" అని వెనకనుంచి ఒకావిడ ధైర్యం చెప్పింది. గోవింద నామాలు చెప్పుకుంటూ ఎట్లాగో బయటపడింది. "నేను తగ్గలేదమ్మాయ్, కొండే జరిగింది" అంది చెమట తుడుచుకుంటూ.

తిరుగు ప్రయాణంలో లింగసముద్రం వైపు మళ్లి రాళ్లపాడు ప్రాజెక్టు చూశాం. మన్నేరు మీద కట్టిన రిజర్వాయరది. కృష్ణ, పెన్నల సరసన ఈ ఏటి పేరు ఎవరూ ఎత్తరు గానీ, ఇక్కడి పొలాలకు ఆధారం ఇదే. మాలకొండ, రాళ్లపాడు, ఉలవపాడు కందుకూరు ప్రాంతంలోవి, ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ప్రకాశం జిల్లా పుట్టినప్పుడు ఈ ప్రాంతం ఇటు వచ్చింది, 2022లో మళ్లీ అటు పోయింది, 2025 చివర్లో తిరిగి ప్రకాశంలోకే వచ్చింది. సింగరాయకొండ మాత్రం 2022లోనూ ప్రకాశంలోనే మిగిలింది.

ఉలవపాడు దగ్గర హైవే మీద వెళ్లేవాళ్లలో కింద ఈ మన్నేరే ఉందని గమనించేవాళ్లు తక్కువ. మేం దిగి చూస్తే ఇసుక, తుమ్మచెట్లు, అక్కడక్కడా మడుగులు. నీళ్లేవీ అని అడిగితే గేదెలు తోలుకెళ్తున్న పెద్దాయన నవ్వాడు. "తుపానప్పుడు రండి, అప్పుడు దీని సంగతి తెలుస్తది" అన్నాడు.

అత్తయ్య ధ్యాసంతా ఉలవపాడు మామిడికాయల మీదే. రోడ్డు పక్క బుట్టల్లో బంగినపల్లి ఒక్కొక్కటీ వాసన చూసి, బేరమాడి, రెండు బుట్టలు డిక్కీలో పెట్టించింది.