మంకీక్యాపు మాస్టారు

ఆదివారం, రాత్రి పదిన్నర.

సంక్రాంతి ఇంకో వారం ఉందనగా అమ్మకి అటక గుర్తొస్తుంది. పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే "బొమ్మల పెట్టె దింపించవే" అని మొదలెట్టింది. మా అక్కయ్యపాలెం ఇంట్లో అటక స్టూలేసుకున్నా నాకు అందదు. పక్క వాటా కుర్రాణ్ణి బతిమాలి దింపించేసరికి తొమ్మిదయింది.

మూత తీస్తే గుప్పున కలరా ఉండల వాసన. ఒక్కో బొమ్మా పాత పేపరు పొట్లంలో ఉంది. కొండపల్లి దశావతారాలు వచ్చాయి, వాటిలో మత్స్యావతారానికి తోక లేదు. నేను పుట్టకముందు నుంచీ లేదట. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, తల ఊపే తాత. మా మామ్మ ఏటికొప్పాక నుంచి తెప్పించిన లక్కపిడతలు, పసుపూ ఎరుపూ ఇంకా నిగనిగలాడుతున్నాయి. అడుగున రెండు చిన్న పొట్లాలు. ఒకదాంట్లో నడుం పైదాకా మనిషి. రెండోదాంట్లో రెండు కాళ్ళు, వాటి మధ్య ఇనప కొక్కెం, విడిగా గోచీ లాంటి నడుం ముక్క.

"మాస్టారూ!" అన్నాను, పైకే.

పాప తొంగిచూసింది. "ఎవరమ్మా ఈయన? యాక్సిడెంటయిందా?"

నాన్న ఆయన్ని జగదాంబ దగ్గర ఒక కొట్లో తమ్ముడి పుట్టినరోజుకి కొన్నారు. జీఐ జో అనే అమెరికన్ సైనికుల బొమ్మల్లో ఒకడు. మన దగ్గర ఫన్‌స్కూల్ వాళ్ళు తయారుచేసేవారు. జానెడు కూడా లేడు, పది సెంటీమీటర్లకి కాస్త తక్కువే. మొహం నిండా ఆకుపచ్చ ముసుగు, కళ్ళు మాత్రం కనిపిస్తాయి. డిసెంబరులో మా తాతయ్య పెట్టుకునే మంకీక్యాపు అచ్చం అలాగే ఉండేది. నుంచోవడం మాత్రం డ్రిల్లు మాస్టారిలా నుంచునేవాడు. అలా మంకీక్యాపు మాస్టారయ్యాడు. నోరు కప్పేసి ఉంది కదా, ఆయన మాట ఎవరికీ వినపడదని నేనో రూలు పెట్టాను. దాంతో తమ్ముడు ఆయన మూతికి చెవి ఆనించి, విని, "మాస్టారు ఏమంటున్నారంటే" అని మాకు చెప్పేవాడు. చెప్పేది ఎప్పుడూ తమ్ముడికి లాభించే మాటే అయ్యేది. "మాస్టారు ఏమంటున్నారంటే, ఆ పెద్ద జామకాయ తమ్ముడికే ఇవ్వాలట."

కొలువులో ఆయన స్థానం పెళ్ళిబొమ్మల పక్కన, కాపలా.

వెంటనే బెంగళూరుకి వీడియో కాల్ చేశాను. తమ్ముడికి ఇప్పుడు నలభై దాటాయి, గోడ నిండా బొమ్మలే. రెండు ముక్కలూ ఫోను ముందు పెట్టానో లేదో "అక్కా! బీచ్ హెడ్!" అని అరిచాడు. ఈ పేరు వాడు నాకు చెప్పడం ఇది పదోసారి. అమెరికాలో 1986లో వచ్చిన బొమ్మట. అట్ట వెనకాల ఆయన ఉద్యోగం, సొంతూరు, గుణగణాలు అన్నీ ఉండేవట. అలాంటి అట్టల రాత చాలామటుకు లారీ హామా అనే ఆయనది. మా అట్టని నాన్న ఆ పూటే చెత్తలో పడేశారు. అలా విశాఖపట్నంలో పుట్టి పెరిగిన పిల్లలం, బొమ్మ పేరులోనే బీచ్ ఉందని తెలియకుండా ఆడుకున్నాం. ఆ బీచ్ వేరు, సైన్యం ఒడ్డు మీద దిగి పట్టు చిక్కించుకునే చోటు అంటాడు వాడు. కావచ్చు. నాకైతే ఆర్కే బీచ్‌లో మంకీక్యాపు పెట్టుకుని మురీ మిక్స్చర్ తింటున్న మాస్టారే కనిపిస్తారు.

వాడి గోడ మీద అదే మనిషి మళ్ళీ ఉన్నాడు. 2020లో జీఐ జో బొమ్మల కంపెనీ హాస్‌బ్రో పాతవాళ్ళని ఆరంగుళాల ఎత్తుకి పెంచి కొత్తగా వదలడం మొదలెట్టింది. ముసుగులో కుట్లు కూడా కనిపిస్తాయి, మోకాళ్ళు రెండు చోట్ల వంగుతాయి. బాగుందిరా అన్నాను. నిజంగానే బాగుంది. కానీ మా మాస్టారు కాదు.

ఇక మా పాత తగువు మొదలైంది. ఎప్పుడో ఒక్కసారి కనిపించి మాయమైనవాళ్ళని వెతికి వెతికి మళ్ళీ బొమ్మలు చెయ్యాలా, కొత్తవాళ్ళని పుట్టించాలా? తమ్ముడు పాతవాళ్ళ వకీలు. స్టార్ వార్స్‌లో, 1980లో వచ్చిన సినిమాలో, ఐస్‌క్రీమ్ మర లాంటి డబ్బా పట్టుకుని అలా పరిగెత్తి పోయే మనిషి ఒకడున్నాడు. మాట లేదు, రెండు క్షణాలు కూడా ఉండడు. వాణ్ణి జనం పట్టుకున్నారు, విల్రో హుడ్ అని పేరొచ్చింది, చివరికి బొమ్మ కూడా వచ్చింది. తమ్ముడి దగ్గర ఉంది. "వాడికి ఎప్పుడూ అవకాశమే రాలేదక్కా, ఇప్పుడొచ్చింది" అంటాడు, ప్రమోషన్ రాని గుమస్తా గురించి చెప్పినట్టు.

నేను బ్యాంకులో లోన్ ఫైళ్ళు చూస్తాను. ఎవరైనా దయ చూపిస్తుంటే కాగితం తిరగేసి చూడ్డం అలవాటైపోయింది. ఈ దయలో సగం పేరు కాపాడుకోడానికే. అమెరికా చట్టంలో వరసగా మూడేళ్ళు వాడకపోతే ట్రేడ్‌మార్క్ వదిలేసుకున్నారనే అనుకుంటారు. అందుకని ఎక్కడో మూలనున్న పేరు తీసి ఏదో ఒక బొమ్మకి తగిలిస్తూ ఉంటారు. పట్టు జారితే ఏమవుతుందో తమ్ముడే చెప్పాడు. కార్లుగా, విమానాలుగా మారే రోబో బొమ్మలు ట్రాన్స్‌ఫార్మర్స్‌లో హాట్ రాడ్ అని ఒకడు, 2006లో వాణ్ణి మళ్ళీ తెచ్చినప్పుడు డబ్బా మీద ఆ పేరు వేసుకోలేక రోడిమస్ అని వేశారు. మనిషి వచ్చాడు, పేరు రాలేదు. మామూలుగా జరిగేది తిరగబడింది. మిగతా సగం దయ, వాడిలాంటి నలభై ఏళ్ళవాళ్ళ జీతాల మీద. ఇది వాడికి చెప్తే "నీకెందుకే నా జీతం" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి "అలా అడుగు" అంది. ఎవరికి చెప్పిందో తెలీదు.

పాతవాళ్ళ కథలు విని అమ్మ నవ్విన సందర్భం మాత్రం ఒకటుంది. బార్బీకి 1963లో మిడ్జ్ అని ఒక స్నేహితురాల్ని ఇచ్చారు. తర్వాత చాలా ఏళ్ళు ఆమెని ఎవరూ పట్టించుకోలేదు. 1988లో మళ్ళీ తెచ్చారు, 2002లో అయితే ఏకంగా కడుపుతో. పొట్ట అయస్కాంతంతో అతుక్కుని ఉంటుంది, తీస్తే లోపల పాపాయి. తమ్ముడు ఇది చెప్పగానే అమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. "సీమంతం బొమ్మా? మన కొలువులోకి ఒకటి పంపించరా!" అక్కడ కొందరు తల్లులకి అది నచ్చక గొడవైందని, పెద్ద కొట్లలోంచి తీసేశారని చెప్తే, "ఏం, వాళ్ళు మోయలేదా" అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

నేను కొత్తవాళ్ళ పక్షం. ఆ కొత్తవాళ్ళు కూడా ఆకాశంలోంచి ఊడిపడరని నాకు తెలుసు. హీ-మ్యాన్ అని కండల వీరుడి బొమ్మ, వాడు ఎక్కే పచ్చ పులి ఉందే, అది బిగ్ జిమ్ అనే ఇంకో బొమ్మల వరసలో పులి అచ్చే, రంగు మార్చి జీను వేశారు. ఆ కొలతకి హీ-మ్యాన్ పక్కన ఏనుగంత కనిపిస్తే, ఇంకేం, ఎక్కించేశారు. 1982లో జీఐ జో వరసలో స్నేక్ ఐస్ ఒంటి మీద రంగే పడలేదు, ఖర్చు కలిసొస్తుందని నల్ల ప్లాస్టిక్కు అలాగే వదిలేశారు. మొహం లేదు, రంగు లేదు. అంతా కలిపి పిల్లలు ఎక్కువ మోజుపడింది వాడి మీదే. తమ్ముడికి కూడా వాడే దేవుడు. అదేరా నేను చెప్పేది అన్నాను. వాళ్ళు సగం చేసి వదిలేసింది మనం పూర్తి చేశాం. మాస్టారికి నోరు లేకపోబట్టే కదా నీకు జామకాయ దొరికింది. ఇప్పుడు అదే మనిషిని తెచ్చి, ఊరు చెప్పి, గతం చెప్పి, నోరు కూడా ఇచ్చేస్తే పిల్లలు ఇంక ఏం చెయ్యాలి, దుమ్ము తుడవాలా?

వాడు ఊరుకోలేదు. "కొత్తవాళ్ళ కోసం 1986లో ఏం చేశారో మర్చిపోయావా?" అన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో కొత్త బొమ్మలకి చోటివ్వడానికి పాతవాళ్ళని వరసపెట్టి చంపేశారు, వాళ్ళ నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్‌తో సహా. పిల్లలు హాల్లోనే ఏడ్చారు. మర్నాడే అన్నట్టు, 1987లో టీవీలో ఆయన్ని బతికించాల్సొచ్చింది. జీఐ జో సినిమాలో చావాల్సిన డ్యూక్‌ని ఆ దెబ్బకి కోమాలో పెట్టి సరిపెట్టారు.

"చంపమని నేనన్నానా?" అన్నాను. "మన కొలువులో ఎవర్నైనా చంపామా? తోక లేని మత్స్యావతారం కూడా మెట్టెక్కుతుంది. దాని పక్కనే ఏడాదికో కొత్త బొమ్మ వస్తుంది. పాతది పోయిందీ లేదు, లేపిందీ లేదు."

"కొట్లో బొమ్మలు తగిలించే కొక్కేలు లెక్కగా ఉంటాయక్కా. మన మెట్లలాగా పెంచుకుంటూ పోలేరు."

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. విండ్‌బ్లేడ్ మాట బయటికి తీశాను. 2013లో ట్రాన్స్‌ఫార్మర్స్ అభిమానుల్నే అడిగి, ఓట్లు వేయించి పుట్టించిన పాత్ర ఆమె. ఆడదే కావాలన్నారు, విమానం అవ్వాలన్నారు, కత్తి ఉండాలన్నారు. 2014లో బొమ్మొచ్చింది, కామిక్కు వచ్చింది, తర్వాత కార్టూన్లలోకీ వెళ్ళింది. పదేళ్ళు దాటినా నిలిచింది. "ఓట్లేసి పిల్లని కన్నట్టుంది" అన్నాడు వాడు. నాకూ లోలోపల కొంచెం అలాగే అనిపిస్తుంది. వాడికి చెప్పలేదు.

"ముందు మాస్టారి నడుం సంగతి చూడు. లోపల రబ్బరు రింగు పోయుంటుంది. ప్లంబింగు సామాను కొట్లో దొరుకుతుంది" అని పెట్టేశాడు.

వీపు మీద ఉన్న ఒక్క స్క్రూ ఉప్పుగాలికి తుప్పు పట్టి గోధుమరంగుకి తిరిగింది. రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి అరగంట వదిలేస్తే కదిలింది. వీపు ఊడొచ్చింది. లోపల రింగు ఉండాల్సిన చోట నల్లటి జిగురు, వేలికి అంటుకుంటే సబ్బుకి పోలేదు. ముప్పై ఏళ్ళు నడుం పట్టుకుని పట్టుకుని కరిగిపోయింది పాపం.

పదకొండింటికి పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాం పాపా నేనూ. పండగ రద్దీ అప్పుడే మొదలైంది, చెరకు గడలు రోడ్డు మీదకి వచ్చేశాయి. మోటారు సామాను కొట్లో పెద్దాయన కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి, మాస్టారి రెండు ముక్కల్నీ అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఏటమ్మా ఇది? ఏ పంపుసెట్టుదీ?"

చెప్పాను. నవ్వలేదు. సొరుగులోంచి ఓ-రింగుల డబ్బా తీసి ఒకటి కొక్కేనికి తగిలించాడు, లాగి చూశాడు, తల అడ్డంగా ఊపాడు. "వదులైపోద్ది. కాళ్ళు ఆడవు, ఊగుతాయ్." ఇంకోటి తీశాడు. అది బిగుతు, లాగితే ఫట్‌మని తెగుతుందన్నాడు. మూడోది కుదిరింది. "రెండట్టుకెళ్ళండి, ఒకటి ఉంచుకోండి. మళ్ళీ ముప్పయ్యేళ్ళకి నానుంటానో ఉండనో." రెండూ కలిపి పది రూపాయలు.

ఇంటికొచ్చి కొక్కేనికి రింగు వేసి, నడుం ముక్కలోంచి పైకి లాగి, ఛాతీ లోపలున్న గుబ్బకి తగిలించి వీపు మూయాలి. రెండు చేతులు చాలవు. పాప కాళ్ళు పట్టుకుంది, నేను లాగాను, రెండుసార్లు జారి నా బొటనవేలికి తగిలింది. మూడోసారి స్క్రూ బిగిసింది. కూర్చోబెట్టాం, నిలబెట్టాం, నడుం తిప్పాం. కుడిచేతి బొటనవేలు ఎప్పుడో విరిగిపోయింది, అదెక్కడుందో తెలీదు.

పాపకి మాస్టారి కథంతా చెప్పాను, జామకాయతో సహా. మర్యాదగా వింది. ఆ తర్వాత ఆయన్ని తీసుకెళ్ళి లక్కపిడతల దగ్గర పెట్టింది. ఒక పిడత ఆయన వీపుకి రబ్బరు బ్యాండుతో కట్టింది.

"అదేంటే?"

"డెలివరీ అన్న. ఎండకి మొహానికి గుడ్డ కట్టుకుంటారుగా." తర్వాత తలుపు మీద కొట్టినట్టు నేల మీద టకటక కొట్టి, "ఓటీపీ చెప్పండి మేడమ్" అంది.

మాట వచ్చేసింది ఆయనకి. మా రూలు పోయింది. పాత బొమ్మేనా, కొత్త పాత్రా? తమ్ముడికి ఫోటో పంపితే "బీచ్ హెడ్‌కి ఇంత అవమానమా" అని రాశాడు. రెండు నిమిషాలకి ఇంకోటి వచ్చింది: "పిడతలో ఏముందట?" పాపని అడిగాను. బిర్యానీ అట. అదీ రాసి పంపాను.

సాయంత్రం అమ్మ మెట్లకి తెల్లగుడ్డ పరిచి కొలత చూసుకుంటూ, "ఈ ఏడాది కొత్త బొమ్మ ఏదే, ఇంకా తేలేదు" అంది. పాప డెలివరీ అన్నని చూపించింది.

అమ్మ ఆయన్ని తీసుకుని, తిప్పి, మొహం చూసి, "వీడు మాస్టారు కదే! పెళ్ళిలో కాపలా ఉండేవాడు. వీడు కొత్తేంటి?" అంది.

"కాదు అమ్మమ్మా, ఈయన కొత్త. నిన్న లేడు."

"నడుం కొత్తది" అన్నాను నేను, ఎవరి పక్షమో తెలీకుండా.

"నడుం లెక్కలోకి రాదు. రేపు బ్యాంకు నుంచి వచ్చేటప్పుడు చిన్నదో పెద్దదో ఒకటి పట్రా" అని తేల్చేసి, పిడత విప్పకుండానే ఆయన్ని పెళ్ళికూతురి పక్కన పెట్టింది. ఎడంకాలు నిలవడంలేదు. పెళ్ళికొడుకు భుజానికి ఆనించాం.