రాసే ముందు కాసేపు

కథ రాద్దామని కూర్చుంటే ముందు వచ్చేది కథ కాదు, టెన్షన్. ఎవరు చదువుతారు, ఏమంటారు, గడువు ఎప్పుడు... అందుకే ఈమధ్య పెన్ను పట్టే ముందు కాసేపు ఊరికే కూర్చుంటున్నాను. కళ్లు మూసుకోను, శ్వాస లెక్కపెట్టను. వినిపించేది వింటాను: పక్కింటి కుక్కర్ విజిల్, మెట్ల మీద చెప్పుల చప్పుడు, తర్వాత నా లోపలి గోల. దాన్ని ఆపాలని చూడను, చూస్తే ఇంకా పెరుగుతుంది.

ఈ అలవాటు తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి గారి వల్ల వచ్చింది. 1895లో మన మదనపల్లెలో పుట్టిన మనిషి. 1961 జూన్ నుంచి ఏడు నెలలు తను చూసినదీ, తనకు అనిపించినదీ దాదాపు రోజూ పెన్సిల్‌తో రాసుకున్నారు, కొట్టివేతలు దాదాపు లేకుండా. 1976లో అది పుస్తకంగా వచ్చింది. ఆ పేజీల్లో చెట్టు, నది, కొండ మీద వెలుతురు ఎంత శ్రద్ధగా కనిపిస్తాయో! ధ్యానాన్ని ఒక పద్ధతిగా సాధన చేయడాన్ని ఆయన ఒప్పుకోలేదు. కాబట్టి నేను చేసేదాన్ని ధ్యానం అనను. చూడటం, వినడం, అంతే.

పేజీలేమీ పెరగలేదు. కానీ మొన్న నా కథలో అత్తగారు మారింది. ఇన్నాళ్లూ ఆవిడ చేత పెద్ద పెద్ద డైలాగులు చెప్పించాను. ఆ రోజు ఒక్క మాటా అనకుండా కోడలి కంచంలో ఇంకో చెంచా నెయ్యి వేసి లోపలికి వెళ్లిపోయింది. అది నేను ఆలోచించి రాసిన వాక్యం కాదు. చదువుకుంటే కళ్లు చెమర్చాయి.

మీలో రాసేవాళ్లు మొదటి వాక్యానికి ముందు ఏం చేస్తారో చెప్పండి. నిజంగా తెలుసుకోవాలనుంది.