మన ఎండలో ఐసింగ్ నిలవాలంటే

కేకు వీడియోల్లో "రూమ్ టెంపరేచర్‌లో ఉన్న బటర్ తీసుకోండి" అంటారు. వాళ్ల లెక్కలో అది 18 నుంచి 20 డిగ్రీలు. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం బయట 40 దాటుతుంది, ఓవెన్ వెలిగించిన వంటిల్లు దానికేమీ తీసిపోదు. వెన్న 32, 35 డిగ్రీల మధ్యే పూర్తిగా కరిగిపోతుంది. కొలతలన్నీ సరిగ్గా పాటించినా కేకు మీద క్రీమ్‌తో వేసిన పువ్వు రేకులు జారిపోవడానికి ఇదే కారణం. చేతిలో పనితనం లేక కాదు.

అందుకే కేకు మీద ఏ ఐసింగ్ వేయాలో తేల్చుకునే ముందు క్యాలెండర్ చూడాలి. డిసెంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా అసలైన బటర్‌క్రీమ్‌కి మన ఊరంత మంచి చోటు లేదు. మార్చి నుంచి జూన్ దాకా, ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే కోసే కేకైతే విప్పింగ్ క్రీమ్, గంటల తరబడి బల్లమీద నిలబడాల్సిందైతే గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపిన పూత) మీద ఫాండెంట్ (ఒత్తి పరిచే చక్కెర ముద్ద). అక్టోబర్, నవంబర్‌లలో ఈశాన్య రుతుపవనాల వాన పట్టుకుంటే వేడి తగ్గినా గాలిలో తేమ పెరుగుతుంది. అప్పుడు కష్టపడేవి ఫాండెంట్, సన్నటి గీతలు గీసే రాయల్ ఐసింగ్.

ముందు బటర్‌క్రీమ్. ఉప్పు లేని బటర్ 250 గ్రాములు, ఐసింగ్ షుగర్ 500 గ్రాములు, కాచి చల్లార్చిన పాలు 2 టేబుల్ స్పూన్లు, వెనిలా ఒక టీస్పూన్, చిటికెడు ఉప్పు. బటర్ ఒక్కదాన్నే 5 నిమిషాలు బీటర్‌తో కొట్టాలి, పసుపు పోయి తెల్లబడేదాకా. చక్కెర మూడు విడతలుగా, పాలు ఆఖర్న. ఇంట్లో చిలికిన వెన్న ఎంత కమ్మగా ఉన్నా దీనికి పనికిరాదు. అందులో నీరు ఎక్కువ, ఎంత ఉందో కొలత ఉండదు, పైగా పులుపు. కాసేపటికే విరిగి నీళ్లు వదులుతుంది.

చక్కెర ఇంట్లో మిక్సీ పట్టుకునేవాళ్లు కప్పుకి ఒక టేబుల్ స్పూన్ కార్న్‌ఫ్లోర్ కలిపి ఆడించి, వస్త్రగాళితం పట్టాలి. మామూలు జల్లెడ చాలదు. నాలుక మీద గరగరమంటే ఎంతసేపు బీట్ చేసినా ఆ పలుకు కరగదు, సన్నటి నాజిల్‌లో అదే అడ్డం పడుతుంది.

ఎండాకాలం ఈ కొలతలో సగం బటర్ తీసేసి దాని బదులు వనస్పతి గానీ బేకరీ షార్టెనింగ్ గానీ వేయండి: 125, 125. షార్టెనింగ్ ఎక్కువ వేడికి గానీ కరగదు. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదని నిబంధన ఉంది, కాబట్టి లేబుల్ ఉన్న ప్యాకెట్టే కొనండి. సగానికి మించితే మాత్రం తిన్నాక అంగిలికి జిడ్డు పట్టుకుంటుంది.

క్రీమ్ పలచబడితే చాలామంది ఇంకాస్త చక్కెర పోస్తారు. అది మందు కాదు. పలచబడింది వేడికి, తగ్గించాల్సిందీ వేడినే. గిన్నెను 15 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ కొట్టండి. దానికి ఎదురుగా, పన్నీర్ విరిగినట్టు ముద్దలుగా కనిపిస్తే బటర్ మరీ చల్లగా ఉందని అర్థం. రెండు స్పూన్ల క్రీమ్ తీసి కరిగించి, తిరిగి అందులోనే పోసి కొడితే నున్నగా వస్తుంది.

మామిడికాయల కాలంలో మన జిల్లా తోతాపురి గుజ్జు బటర్‌క్రీమ్‌లో కలపాలనిపిస్తుంది, కలపాలి కూడా. కానీ పచ్చి గుజ్జు పోస్తే అందులోని నీటికి క్రీమ్ విరిగిపోతుంది. 200 గ్రాముల గుజ్జును అడుగు మందంగా ఉన్న గిన్నెలో 100 గ్రాములయ్యేదాకా దగ్గరికి ఉడికించి, పూర్తిగా చల్లార్చి, అరకిలో క్రీమ్‌కి 3 టేబుల్ స్పూన్లు మించకుండా వేయండి.

కప్‌కేకులు 12కి సుమారు 400 గ్రాముల క్రీమ్ పడుతుంది, ఒక్కోదానికి 30 గ్రాములకు పైగా. కేకు గంటకు తక్కువ కాకుండా ఆరాలి. చేతికి చల్లగా తగిలినా మధ్యలో వెచ్చదనం ఉంటుంది, అడుగునుంచి క్రీమ్ కరిగి మొత్తం ఒక పక్కకి ఒరిగిపోతుంది. గోపురంలా పొంగిన పైభాగాన్ని కత్తితో చదును చేయండి. 1ఎం నాజిల్ (నక్షత్రం ఆకారపు పెద్ద మొన) తీసుకుని, క్రీమ్ నింపిన బ్యాగ్‌ని నిటారుగా, కేకుకి ఒక సెంటీమీటరు ఎత్తులో పట్టుకోవాలి. అంచునుంచి మొదలుపెట్టి లోపలికి రెండు చుట్లు. ఆపేటప్పుడు ముందు నొక్కడం ఆపాలి, ఆ తర్వాతే బ్యాగ్ పైకెత్తాలి. మురుకుల గొట్టం తిప్పిన చేతికి ఈ సంగతి కొత్త కాదు, నొక్కుతూనే ఎత్తితే తోక సాగుతుంది. గులాబీ కావాలంటే అదే నాజిల్‌తో మధ్యనుంచి బయటికి తిరగండి. బ్యాగ్ సగమే నింపండి. అరచేతి వేడికి లోపలి క్రీమ్ కరుగుతుంది కాబట్టి రెండు బ్యాగులు పెట్టుకుని, ఒకటి వాడుతుంటే రెండోది ఫ్రిజ్‌లో ఉంచండి.

విప్పింగ్ క్రీమ్ గురించి కొంచెమే చెప్పాలి. నాన్ డెయిరీ క్రీమ్ గడ్డకట్టి వస్తుంది. రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో ఉంచి, ఇంకా అక్కడక్కడ మంచు పలుకులు ఉండగానే కొట్టడం మొదలుపెట్టండి. గిన్నె, బీటర్ పుల్లలు 15 నిమిషాలు ఫ్రీజర్‌లో ఉండాలి. మధ్యస్థ వేగంతో, బీటర్ ఎత్తితే మొన కొంచెం వంగే దశలో ఆపేయండి. నాజిల్‌లోంచి వచ్చేటప్పుడు అది ఇంకొంత బిగుస్తుంది. మరీ బిగిసి రవ్వరవ్వగా అయితే రెండు మూడు స్పూన్ల ద్రవ క్రీమ్ పోసి గరిటెతో మెల్లగా కలపండి. ఒకసారి కరిగించిన క్రీమ్‌ని మళ్లీ గడ్డకట్టించకండి.

ఈ క్రీమ్ మీద నేరుగా ఫాండెంట్ పరచడం ఇళ్లల్లో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. ఫాండెంట్ అంటే దాదాపు అంతా చక్కెరే, చక్కెర నీటిని లాక్కుంటుంది. కింద నీరున్న క్రీమ్ ఉంటే లోపలివైపు జిగురుగా మారి, ముడతలు పడి, కిందికి జారిపోతుంది. కింద గనాష్ గానీ గట్టి బటర్‌క్రీమ్ గానీ ఉండాలి. మన ఎండకి నా ఓటు గనాష్‌కే. మామూలు రోజుల్లో డార్క్ కాంపౌండ్ చాక్లెట్ 400 గ్రాములకు క్రీమ్ 200 గ్రాములు. ఏప్రిల్, మే నెలల్లో 450కి 150. వైట్ చాక్లెట్ అయితే ఎప్పుడైనా మూడుకి ఒకటి. పొగలు వచ్చేదాకా వేడిచేసిన క్రీమ్‌ని చాక్లెట్ ముక్కల మీద పోసి, 2 నిమిషాలు కదపకుండా వదిలి, మధ్యనుంచి కలపండి. స్పాచులాతో తీస్తే జారకుండా నిలిచేంత గట్టిపడ్డాక కేకుకి పూయాలి. మొదటి పూత కేకు పొడి రాలకుండా పట్టి ఉంచడానికే, పలచగా చాలు. 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి రెండో పూత వేయండి. వేడినీళ్లలో ముంచి తుడిచిన స్క్రాపర్‌తో నున్నగా లాగండి. ఇక్కడ మిగిలిన ప్రతి గుంటా రేపు ఫాండెంట్ మీద కనిపిస్తుంది.

కొన్న ఫాండెంట్ అయితే ప్యాకెట్ మీద పచ్చ చుక్క చూడండి. జెలటిన్ జంతువుల నుంచి వచ్చేది, చాలా ఇళ్లలో అది నడవదు. ఇక తిరుమల కొండమీద ఉండేవాళ్ల కోసం చేసే కేకులో గుడ్డుకీ, జెలటిన్‌కీ చోటే లేదు. జెలటిన్ పరవాలేదనుకునేవాళ్లు ఇంట్లో చేసుకునే కొలత ఇది: ఐసింగ్ షుగర్ 500 గ్రాములు, జెలటిన్ 5 గ్రాములు, నీళ్లు 30 మి.లీ., లిక్విడ్ గ్లూకోజ్ 80 గ్రాములు, గ్లిజరిన్ ఒకటిన్నర టీస్పూన్, వనస్పతి ఒక టేబుల్ స్పూన్. గ్లిజరిన్ తినేందుకు పనికొచ్చే రకమే కావాలి. జెలటిన్‌ని చల్లటి నీళ్లలో 5 నిమిషాలు నాననిచ్చి, వేడినీళ్ల గిన్నె మీద పెట్టి కరిగించండి. మరిగితే దాని పట్టు పోతుంది. గ్లూకోజ్, గ్లిజరిన్, వనస్పతి అందులోనే కలిపి, 350 గ్రాముల చక్కెరలో పోసి, మిగతాది కొద్దికొద్దిగా చేరుస్తూ పిసకండి. చెవితమ్మెలా మెత్తగా, చేతికి అంటకుండా వస్తే చాలు, చక్కెర మిగిలినా పోయనక్కర్లేదు. ప్లాస్టిక్ కవర్‌లో గాలి తగలకుండా చుట్టి ఒక రాత్రి వదిలేయాలి.

ఇందులో దేని పని దానిదే. సాగడం జెలటిన్ వల్ల, చక్కెర మళ్లీ పలుకు కట్టకపోవడం గ్లూకోజ్ వల్ల, ఎండిపోకపోవడం గ్లిజరిన్ వల్ల. ఇది తెలిస్తే కొలత మీరే సర్దుకోవచ్చు. వానాకాలంలో గ్లిజరిన్ సగం తగ్గించండి, గాలిలోనే కావలసినంత తేమ ఉంటుంది. ఎండాకాలం ఫ్యాన్ కింద పిసికేటప్పుడు ఏనుగు చర్మంలా సన్నటి పగుళ్లు వస్తే అరచేతికి వనస్పతి రాసుకుని పిసకండి. అప్పటికీ పోకపోతే నాలుగైదు చుక్కల గ్లిజరిన్. నీళ్లు మాత్రం చిలకరించకండి, పైన జిగురు, లోపల పొడి అన్నట్టు తయారవుతుంది.

ఎంత వెడల్పు పరచాలో లెక్క ఉంది: కేకు వెడల్పు, దానికి రెండింతల ఎత్తు, పైన 2 అంగుళాలు. 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు ఉన్న కేకుకి 6, 8, 2 కలిపి 16 అంగుళాలు. 3 నుంచి 4 మి.మీ. మందంలో అంత పరచడానికి 600 గ్రాముల ఫాండెంట్ కావాలి. బల్లమీద కార్న్‌ఫ్లోర్ పలచగా చల్లండి. ఐసింగ్ షుగర్ తేమకి అంటుకుంటుంది. చపాతీలా తిరగేసి ఒత్తకూడదు, ఒకే ముఖం పైన ఉండాలి, ప్రతి రెండు ఒత్తులకూ పావు తిప్పండి చాలు. నల్లటి, ఎర్రటి ఫాండెంట్ కింద మాత్రం పిండి వద్దు, తెల్ల మచ్చలు పడతాయి. వనస్పతి రాసిన బల్లమీద ఒత్తండి.

గనాష్ మీద తడి బ్రష్ ఒకసారి తిప్పి, ఫాండెంట్‌ని కర్రకి చుట్టి తెచ్చి పరచండి. ఇక్కడినుంచి ఆలస్యం పనికిరాదు, ఎండిన అంచు చిరుగుతుంది. ముందు పైభాగం మధ్యనుంచి బయటికి నిమరండి, వెంటనే పై అంచు చుట్టూ అరచేతితో పట్టించండి. కింద వేలాడే బరువుకి చిరిగేది అక్కడే. తర్వాత పక్కలు. మడతలు వస్తాయి. వాటిని చీర కుచ్చిళ్లలా ఒకదానిమీద ఒకటి వేయకూడదు. ప్రతి మడతనూ బయటికి లాగి విప్పుతూ, రెండో చేత్తో పైనుంచి కిందికి నిమురుతూ రావాలి. గాలి బుడగ కనిపిస్తే సన్నటి సూదిని ఏటవాలుగా గుచ్చి, ఆ రంధ్రంవైపు గాలిని తోయండి. నిటారుగా గుచ్చితే రంధ్రం అలాగే కనబడుతుంది.

ఫాండెంట్ కేకుకి చెమట పట్టడం మన ఊళ్లో రోజూ ఎదురయ్యే బాధ. చల్లటి కేకు బయటికి రాగానే గాలిలోని తేమ దానిమీద నీటి బొట్లుగా చేరుతుంది. తుడవకండి, రంగు చెదిరి మచ్చలు పడతాయి. కేకుని అట్టపెట్టెలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, బయటికి తీశాక పెట్టె తెరవకుండా ఒకటి రెండు గంటలు వదిలేయండి. చెమట పెట్టెమీద పడుతుంది. అప్పటికీ కొంచెం తడిస్తే ఫ్యాన్ దూరంగా పెట్టండి, దానంతట అదే ఆరుతుంది.

పువ్వులకి, బొమ్మలకి మామూలు ఫాండెంట్ నిలవదు. 250 గ్రాములకు ఒక టీస్పూన్ సీఎంసీ పౌడర్ (ఫాండెంట్‌ని గట్టిపరిచే, తినదగిన పొడి) కలిపి కొన్ని గంటలు నాననివ్వాలి. మల్లెమొగ్గలు, చామంతులు ఎండాకాలం పూటలో గట్టిపడతాయి, వానల్లో రెండు రోజులు పట్టొచ్చు. అట్టపెట్టెలోనే దాచండి, గాలి చొరని డబ్బాలో వేస్తే మెత్తబడతాయి. తీగ ఉన్న పువ్వుని నేరుగా కేకులో గుచ్చకండి. ముందు స్ట్రా గుచ్చి, అందులో తీగ దించండి.

రంగు జెల్ అయి ఉండాలి, నీళ్ల రంగు ఫాండెంట్‌ని కరిగిస్తుంది. టూత్‌పిక్‌తో కొంచెం కొంచెం కలపండి. మన దేశంలో ఆహారానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు 8 మాత్రమే. పేరూ లేబులూ లేని పొట్లాల రంగులు కొనకండి. ఎరుపు, నలుపు రాత్రికి రాత్రి ముదురుతాయి, కాబట్టి కావలసినదానికన్నా ఒక మెట్టు తక్కువలో ఆపండి. నలుపు తెల్లదానినుంచి మొదలుపెడితే చేదెక్కుతుంది, ముందు కోకో పొడి కలిపి గోధుమరంగు తెచ్చుకోండి. ఊదారంగు వెలుతురుకి గులాబీ ఛాయ పోయి నీలంగా మిగులుతుంది.

సన్నటి గీతలకి రాయల్ ఐసింగ్. ఒక గుడ్డు తెల్లసొనకి 200 గ్రాముల ఐసింగ్ షుగర్. పచ్చిగుడ్డు వద్దనుకుంటే, పిల్లలకైతే వద్దనే అనుకోవాలి, కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీళ్లు 2 టేబుల్ స్పూన్లు దాని బదులు. గిన్నెకి నూనె జిడ్డు రవ్వంత ఉన్నా నురగ కట్టదు, నిమ్మచెక్కతో రుద్ది తుడవండి. ముగ్గు వేసే చేయి పిండిని నేలకి ఆనించి రుద్దదు, పైనుంచి ధార వదులుతుంది. ఇదీ అంతే. నాజిల్ మొనని ఆనించి మొదలుపెట్టి, రెండు సెంటీమీటర్లు ఎత్తి, దారాన్ని తన బరువుతోనే పడనివ్వండి, మలుపు దగ్గర మళ్లీ దించండి. వంకర గీతలకి కారణం చేయి వణకడం కన్నా మొనని కేకుకి ఆనించి లాగడమే ఎక్కువ.

చిత్తూరు దాకా, అంటే 70 కిలోమీటర్లు పంపాలంటే కేకు పెట్టెని కారు సీటు మీద పెట్టకండి, సీటు వెనక్కి వాలి ఉంటుంది. ఒళ్లో కూడా వద్దు, ఒంటి వేడి తగులుతుంది. ముందు సీటు దగ్గర కాళ్లు పెట్టుకునే చదునైన చోట, జారని మ్యాట్ వేసి, బయల్దేరడానికి పావుగంట ముందే ఏసీ వేసి ఉంచండి. రెండంతస్తుల కేకైతే కింది కేకులో నాలుగు లావుపాటి స్ట్రాలు కేకు ఎత్తుకి సరిగ్గా కోసి గుచ్చి, వాటిమీద అట్ట పెట్టి పై కేకు నిలపాలి. ఎంత గట్టిగా నిలిపినా, విడివిడిగా తీసుకెళ్లి అక్కడ పేర్చడమే నయం. చిన్న డబ్బాలో అదే రంగు ఫాండెంట్ ముద్ద, నాలుగు మల్లెమొగ్గలు, తడి బ్రష్ వెంట పంపండి. రెండు అంతస్తులు కలిసే చోట ఏ చిన్న పగులు వచ్చినా ఒక మొగ్గ కప్పేస్తుంది.