హౌస్‌కీపింగ్ వేశారని ఏడ్చినంత పనిచేశా: నా ఇంటర్న్‌షిప్ అనుభవం

హోటల్ మేనేజ్‌మెంట్ చదివేవాళ్లలో చాలామందికి ఇంటర్న్‌షిప్ అనగానే ఫ్రంట్ ఆఫీసే కావాలి. నేనూ అంతే. సూటు, లాబీ, గెస్టులతో మాటలు. తీరా నాలుగు డిపార్ట్‌మెంట్లూ తిరిగాక చూసుకుంటే, ఇష్టంగా డ్యూటీకి వెళ్లింది హౌస్‌కీపింగ్‌లో ఉన్నప్పుడే.

మొదట ఒక సీనియర్ రూమ్ అటెండెంట్‌కి తోడుగా వేశారు. దుప్పటి మూలలు ఎలా మడవాలి, బాత్రూమ్ ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి, తలుపుకి డీఎన్‌డీ (డిస్టర్బ్ చెయ్యొద్దు) బోర్డు ఉంటే ఏం చెయ్యాలి, అన్నీ ఆవిడే చూపించారు. కొన్నాళ్లకి బ్రీఫింగ్‌లో సూపర్‌వైజర్ నా పేరు మీదే గదులు రాయడం మొదలుపెట్టారు. చెకౌట్ అయిన గదిలోకి నేనొక్కదాన్నే వెళ్లేదాన్ని. బయటికొచ్చేసరికి అది ఇంకో గెస్టుకి ఇవ్వడానికి సిద్ధంగా ఉండాలి. సూపర్‌వైజర్ వచ్చి అద్దాన్ని పక్కనుంచి వంగి చూసి, "గీతలున్నాయమ్మా, మళ్లీ తుడువు" అనేవారు. అన్నీ బాగుంటే ఫోన్ తీసి "గది రెడీ" అని ఫ్రంట్ ఆఫీస్ డెస్క్‌కి చెప్పేవారు. ఆ మాటకి ఎంత పొంగిపోయేదాన్నో చెప్తే నవ్వుతారు. నడుము నొప్పి లేదంటే మాత్రం అబద్ధమే.

ఎదురుచూసిన ఫ్రంట్ ఆఫీస్‌లో నాకు సిస్టమ్ లాగిన్ ఇవ్వలేదు. అది లేకపోతే చెకిన్ చెయ్యలేం, బిల్లు తియ్యలేం. రిజిస్ట్రేషన్ కార్డులు సర్దడం, నవ్వుతూ నిలబడటం. గెస్టుల వివరాలు, డబ్బు లెక్కలు ఉండే సిస్టమ్‌ని ట్రైనీ చేతికివ్వరు, అది నాకూ తెలుసు. కానీ పక్కన నిలబెట్టుకుని, చేస్తున్నదేమిటో చెప్పే తీరిక కూడా ఎవరికీ లేకపోయింది. కిచెన్‌లో కూరగాయలు తరగడంతోనే సరిపోయింది. ఫుడ్ సర్వీస్‌లో బ్రేక్ షిఫ్ట్ ప్రాణం తీసింది: మధ్యాహ్నం వదిలేసి సాయంత్రం మళ్లీ రమ్మంటారు, మధ్యలో టైమ్ నిద్రకీ చాలదు, చదువుకీ చాలదు.

రిపోర్ట్ రాసేటప్పుడు హాక్‌మన్, ఓల్డ్‌హామ్‌ల జాబ్ క్యారెక్టరిస్టిక్స్ మోడల్ మళ్లీ తీశాను. 1976 నాటి ఆ పేపర్ ప్రకారం, పని మీద ఇష్టం కలగాలంటే అందులో ఐదు ఉండాలి: రకరకాల నైపుణ్యాలు, మొదటి నుంచి చివరిదాకా మన చేతిలోనే ఉండే పని, దానివల్ల ఇంకొకరికి ఉపయోగం, సొంతంగా నిర్ణయించుకునే వీలు, ఎలా చేశామో తెలియడం. క్లాసులో బట్టీ పట్టినప్పుడు బుర్రకెక్కలేదు. ఇప్పుడు చూస్తే, నా గదులకి మొదటిది తప్ప మిగతావన్నీ దాదాపు ఉన్నాయి. డెస్క్ దగ్గర ఒక్కటీ లేదు.

ఇప్పుడు జూనియర్లు ఏ హోటల్ మంచిదని అడిగితే నేను పేర్లు చెప్పను. అక్కడ చేసొచ్చినవాళ్లని రెండు విషయాలు కనుక్కోమంటాను. ఏ డిపార్ట్‌మెంట్‌లో ఎప్పుడుండాలనే రొటేషన్ ముందే కాగితం మీద ఇస్తారా, లేక ఎక్కడ మనుషులు తక్కువైతే అక్కడికి తోస్తారా? మనం చేసిన పని రాసుకునే లాగ్‌బుక్ మీద సంతకం పెట్టే మనిషి అందులో రాసింది చదువుతాడా? స్టైపెండ్ సంగతి మాత్రం వాళ్లే అడుగుతారు, నేను గుర్తు చెయ్యక్కర్లేదు.