ఇషాపూర్ త్రీ నాట్ త్రీ, 1942

కాకినాడలో డిగ్రీ చదివే రోజుల్లో ఎన్‌సీసీ పరేడ్ అంటే పొద్దున్న ఆరింటికల్లా గ్రౌండ్‌లో ఉండాలి. లైన్‌లో నిలబడి ఒక్కొక్కరం ఒక్కో త్రీ నాట్ త్రీ రైఫిల్ తీసుకునేవాళ్లం. దాదాపు నాలుగు కిలోల బరువు. "బాజూ శస్త్ర్" అనగానే అందరి చేతులూ చెక్క మీద ఒకేసారి ఠప్పుమని పడాలి, రెండు చప్పుళ్లు వినిపిస్తే మళ్లీ మొదటి నుంచి. ఆ తుపాకులతో మేం ఎప్పుడూ కాల్చలేదు. వాటి మీద డీపీ అని కొట్టి ఉండేది, డ్రిల్ పర్పస్ అని, అంటే ఇక కాల్చడానికి పనికిరావని. క్యాంపులో కాల్చనిచ్చింది పాయింట్ టూ టూ, అదీ ఐదు తూటాలు లెక్కపెట్టి. బయట కొనుక్కుందామన్నా మన దేశంలో మామూలు మనుషులకి త్రీ నాట్ త్రీ లైసెన్స్ ఇవ్వరు, అది నిషేధిత బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత). ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వాళ్లు బయటివాళ్లకి అమ్మడానికి పాయింట్ త్రీ వన్ ఫైవ్ అని వేరే బోరులో రైఫిల్ చేసింది అందుకే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇప్పుడు టెక్సాస్‌లో మా ఇంట్లో ఇనప బీరువాలో నాదంటూ ఒక త్రీ నాట్ త్రీ ఉంది, అది చక్కగా కాలుతుంది, పైగా ఇషాపూర్‌లో చేసినదే.

హ్యూస్టన్ దగ్గర ఒక గన్ షోలో దొరికింది. అక్కడ పాత సైన్యాల తుపాకులన్నీ ఒక మూల బల్లల మీద పరిచి పెడతారు, రష్యావాళ్ల మోసిన్ నాగాంట్, జర్మనీ మౌజర్, అమెరికావాళ్ల ఎమ్ వన్ గరాండ్. ఒకప్పుడు మోసిన్లు వంద డాలర్లలోపే వచ్చేవి, ఇప్పుడు ఆ మాట తలుచుకోవడం తప్ప లాభం లేదు. నేను ఒక లీ ఎన్‌ఫీల్డ్ (మన త్రీ నాట్ త్రీ అసలు పేరు అదే) చేతిలోకి తీసుకుని కుడిపక్కకి తిప్పి చూశాను. ట్రిగ్గర్ వెనక, చేత్తో పట్టుకునేచోట ఇత్తడి కాదు, ఉక్కు పట్టీ ఉంటుంది, దాని మీద కిరీటం, కింద జీఆర్ఐ, దాని కింద ఇషాపూర్, 1942. (మన శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం కాదు, కోల్‌కతా దగ్గర హుగ్లీ ఒడ్డున ఉన్న రైఫిల్ ఫ్యాక్టరీ.) ఇంగ్లండ్‌లో చేసినవాటి మీద జీఆర్ అనే ఉంటుంది, అంటే జార్జ్ రాజు. ఇండియాలో చేసినవాటి మీదే ఆ చివరి ఐ కనిపిస్తుంది, ఇంపరేటర్, చక్రవర్తి అని. స్వాతంత్ర్యం వచ్చాక ఆ కిరీటం తీసేసి మూడు సింహాలు కొట్టడం మొదలుపెట్టారు. ఈ ముద్ర కొట్టిన 1942లోనే బయట క్విట్ ఇండియా మొదలైంది, బర్మా జపాన్ చేతికి పోయింది. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం లాంటి ఊళ్ల నుంచి మనవాళ్లు ఆ సైన్యంలోనే ఉన్నారు.

అమ్మేవాళ్లు కథలు చాలా చెప్తారు. ఇది ఫలానా యుద్ధంలో వాడింది, ఫలానా దళానిది అని. ఆ కథకి ఒక్క డాలర్ కూడా ఎక్కువ ఇవ్వకండి. చేతిలో ఉన్న ఇనుము మీద ఏం కొట్టి ఉందో అదే చూడండి. బోల్ట్ (తూటాని గొట్టంలోకి తోసే కడ్డీ) మీద నంబరూ రిసీవర్ (ఆ కడ్డీ కూర్చునే ఉక్కు భాగం) మీద నంబరూ ఒకటేనా, బారెల్ లోపల గాడులు పదునుగా ఉన్నాయా, డీపీ అని ఎక్కడైనా ఉందా, ముందు చెక్క చుట్టూ రాగి తీగ చుట్టి ఉందా (అలాంటివి గ్రెనేడ్లు విసరడానికి వాడినవి, నేనైతే వాటితో కాల్చను). ఇంటికి తెచ్చాక కూడా వెంటనే కాల్చలేదు, గన్‌స్మిత్‌తో హెడ్‌స్పేస్ కొలిపించాను. బోల్ట్ ముఖానికీ తూటాకీ మధ్య ఖాళీ ఎక్కువైతే ఇత్తడి తొడుగు చీలి వేడి గ్యాస్ ముఖం మీదకి వస్తుంది. ఈ ఒక్క పనికి మాత్రం బద్ధకించొద్దు.

లైసెన్స్ గురించి చాలామంది అడుగుతున్నారు. యాభై ఏళ్లు దాటిన తుపాకులు సేకరించేవాళ్లకి ఇక్కడ క్యూరియో అండ్ రెలిక్ లైసెన్స్ అని ఉంది, మూడేళ్లకి ముప్పై డాలర్లు. కొన్న ప్రతిదీ పుస్తకంలో రాసుకోవాలి. రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి, మీ రాష్ట్రంవి చూసుకోండి.

ఇక కాల్చడం. త్రీ నాట్ త్రీ తూటాకి అడుగున అంచు ఉంటుంది. మ్యాగజైన్‌లో పెట్టేటప్పుడు పై తూటా అంచు కిందిదాని అంచుకి ముందు ఉండాలి, వెనక పడిందా, బోల్ట్ తోసినప్పుడు కింది తూటాకి తగులుకుని ఇరుక్కుపోతుంది. లీ ఎన్‌ఫీల్డ్ బోల్ట్ ఎత్తడం చాలా తేలిక, స్ప్రింగ్ బిగిసేది మళ్లీ ముందుకి తోసేటప్పుడు. అందుకే అంత వేగం. మూడు వందల గజాల దూరంలో నిమిషానికి పదిహేను గుండ్లు గురి తప్పకుండా కొట్టాలని అప్పట్లో బ్రిటిష్ సైనికులకి పరీక్ష ఉండేది. నేను వంద గజాల్లో, నిదానంగా, ఒక్కొక్కటే. గురి చూసే వెనక సైట్ రెండు వందల గజాల నుంచే మొదలవుతుంది కాబట్టి వంద దగ్గర గుండు పైకి కొడుతుంది, కాస్త కిందకి గురి పెట్టాలి. బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) చివర ఇత్తడి పలక, పల్చటి టీషర్టుతో వెళ్తే భుజం రెండు రోజులు చెప్తుంది.

మొదటిరోజే ఒక పాఠం నేర్చుకున్నాను. అరవైల నాటి సర్‌ప్లస్ తూటాలు చవగ్గా వచ్చాయని ఒక డబ్బా కొన్నాను. నాలుగోది ట్రిగ్గర్ నొక్కితే టిక్ అంది, పేలలేదు. ఏమైందా అని తల ఎత్తబోతుంటే ఢాం! దీన్ని హ్యాంగ్ ఫైర్ అంటారు, ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ల) పాతబడి మందు ఆలస్యంగా అంటుకోవడం. ఆ టిక్‌కి కంగారుపడి బోల్ట్ తెరిచి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి ముప్పై సెకన్లు లెక్కపెట్టాలి, తర్వాతే బోల్ట్. మిగిలిన డబ్బా కాల్చలేదు. ఒక తూటా మాత్రం విప్పి చూశాను. లోపల పొడి లేదు, సన్నటి సేమ్యా కట్టలాగా కార్డైట్ అనే మందు పుల్లలు, వాటి మీద చిన్న గుండ్రటి అట్టముక్క.

ఆ తూటాలు చేసిన రెండో పని బారెల్ తుప్పు. పాత ప్రైమర్లలో ఉండే రసాయనం కాలాక లోపల ఉప్పు మిగులుస్తుంది, ఆ ఉప్పు గాల్లో తేమని లాగుతుంది. హ్యూస్టన్ గాలి కాకినాడ గాలికి ఏమీ తీసిపోదు. నేను నూనె గుడ్డతో తుడిచి పెట్టేశాను, రెండోరోజు తీసి చూస్తే గొట్టంలో నారింజరంగు. నూనెకి ఉప్పు కరగదు, నీళ్లకే కరుగుతుంది. అప్పట్నుంచి రేంజ్ నుంచి రాగానే ముందు టీ గిన్నెలో నీళ్లు మరగపెట్టి, గరాటుతో వెనక నుంచి గొట్టంలోకి పోస్తాను. ఇనుము వేడెక్కి తనే ఆరుతుంది, ఆ తర్వాత పొడి గుడ్డలు, చివర్న నూనె. తుప్పు చాలామటుకు పోయింది, అక్కడక్కడ చిన్న మచ్చలు ఉండిపోయాయి. అరవై డెబ్భై ఏళ్లు ఎవరెవరో కాపాడుకుంటూ వచ్చిన గొట్టం నా దగ్గరికొచ్చిన వారంలో పాడైంది, ఆ బాధ మాత్రం పోలేదు.

అమ్మ ఫోన్‌లో అడుగుతూనే ఉంటుంది, "పిల్లలున్న ఇంట్లో తుపాకీ ఎందుకురా నాన్నా" అని. ఆవిడ భయం న్యాయమైనదే. బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది, బోల్ట్ తీసి వేరే చోట పెడతాను, తూటాలు ఇంకోచోట. వీడియో కాల్‌లో అన్నీ చూపించాను. "ఎన్‌సీసీలో ఎండకి కళ్లు తిరిగి పడ్డావు చూడు, అదేనా ఇది?" అంది. అదేనమ్మా అన్నాను.

ఫ్రెండ్స్ చూసినవాళ్లంతా ఒకటే సలహా. ఈ చెక్క నల్లగా ఉంది, గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ వెయ్యి, కొత్తదానిలా మెరుస్తుంది అని. వద్దు, దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. ఆ నలుపు ఏళ్ల తరబడి ఇంకిన నూనె, చెమట. బట్ పక్కన తెల్ల పెయింట్‌తో వేసిన 47 సగం చెరిగిపోయి ఉంది, ఏదో ర్యాక్‌లో దాని నంబర్ అయ్యుంటుంది. చెక్క మీద తనిఖీ చేసినవాళ్లు కొట్టిన ముద్రలు వెంట్రుకంత లోతులో ఉన్నాయి. రెండుసార్లు రుద్దితే అన్నీ పొట్టులో కలిసి పోతాయి, ఎంత డబ్బు పోసినా తిరిగి రావు. నేను చేసిందల్లా ఏడాదికి రెండుసార్లు అవిసె నూనె నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని చెక్క వెచ్చబడేదాకా రుద్దడం.

బట్ చివర ఇత్తడి పలకలో చిన్న మూత ఉంటుంది, గోరుతో లాగితే తెరుచుకుంటుంది. లోపల ఇత్తడి నూనె సీసా, దానిపైన చుట్టిన పుల్ త్రూ తాడు (గొట్టంలోంచి లాగి శుభ్రం చేసేది), తాడు చివర ఉచ్చులో ఇంకా ఒక చిందీ ముక్క, అంటే తుడిచే గుడ్డ పీలిక, ఉంది. ఎన్‌సీసీలో చిందీ కొలత తప్పితే హవల్దార్ సార్ ఒప్పుకునేవారు కాదు, నాలుగు అంగుళాలు ఇంటూ రెండు. స్కేల్ పెట్టి కొలిచాను. సరిగ్గా అంతే ఉంది. మడిచి మళ్లీ అదే ఉచ్చులో పెట్టి, తాడు చుట్టి, మూత వేశాను.