సున్నం మాలు

"ఈ ఇంటికి సిమెంటా? ముందు ఆ బకెట్టు కిందికి దించు."

డబ్లిన్‌లో మెరియన్ స్క్వేర్ పక్క వీధి. పరంజా మీద నాకు నాలుగో రోజు. అరవై దాటిన మేస్త్రీ అందరి ముందూ అన్న మాట అది. పద్నాలుగేళ్లు హైదరాబాదులో అపార్టుమెంట్లు కట్టించి వచ్చినవాణ్ణి. సిమెంటు గురించి నాకు ఒకరు చెప్పాలా? మధ్యాహ్నం అన్నం కూడా సయించలేదు.

సాయంత్రం ఆయనే పిలిచి ఒకచోట గోడ చూపించాడు. ఎవరో ఎప్పుడో సందులు సిమెంటుతో పూడ్చారు. సిమెంటు చెక్కుచెదరలేదు, చుట్టూ ఇటుకల ముఖాలు మాత్రం పెచ్చులూడిపోయాయి. ఈ ఇటుక మెత్తన. వానకి తడిసిన గోడ సున్నపు సందుల్లోంచే ఆరాలి. ఆ దారి మూస్తే నీరు ఇటుకలోనే నిలిచి, చలికి గడ్డకట్టి, దాన్ని పగలగొడుతుంది. పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంటు వచ్చింది 1824లో. ఈ ఇల్లు అంతకు ముందుది.

నిజం చెప్పాలంటే మొదటిరోజు నాకీ ఇల్లు నచ్చలేదు. వీధి అరుగు లేదు, స్తంభాలూ లేవు, ఉత్త ఎర్ర గోడ. తలుపు మీద విసనకర్రలా విచ్చుకున్న అద్దం ఒక్కటే సింగారం. తర్వాత కిటికీలు కొలిచాను. అతిథుల గదులుండే మొదటి అంతస్తులో అన్నిటికన్నా పొడుగు, పైకి పోయేకొద్దీ పొట్టి, చివరి అంతస్తులో దాదాపు చదరం. గోడకి అందమంతా ఆ కొలతల్లోనే ఉంది. ఇక సందుల పని. ముందు సున్నంతో సన్నటి గీత తీర్చి, దానికి రెండు పక్కలా ఇటుక రంగు మాలు పెడతారు. విగ్గింగ్ అంటారు. వంకర ఇటుక కూడా వీధిలోంచి తీరుగా కనిపిస్తుంది. ఒక్క గజం పనికి నాకు పూట పట్టింది.

అయినా ఒక మాట మనసులో మెదులుతూనే ఉంది. సున్నం మనకి తెలియనిదా? తాతయ్యగారిల్లు గానుగ సున్నంతో కట్టిందే. 2009లో కూల్చేటప్పుడు గునపం దిగలేదు. దగ్గరుండి కూల్చింది నేనే. ఆ రోజు నన్ను ఆపమన్నవాళ్లు ఎవరూ లేరు. ఇక్కడా కూల్చారు: 1965లో, ఇక్కడికి దగ్గర్లోనే, ఫిట్జ్‌విలియం వీధిలో విద్యుత్ సంస్థ ఆఫీసు కోసం వరసగా 16 ఇళ్లు. మేస్త్రీకి ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ గొంతు మారుతుంది.

మా వైపు సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపేవారని చెప్పాను. ఆయన చేతిలో తాపీ ఆగింది. "ఎంత సున్నానికి ఎంత బెల్లం?"

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను.

"ఆ పాళ్లు మీ తాతయ్యకే తెలుసురా," అంది.